మూడో ప్రకటన

పోయిన వారం నేను పాఠాలు చెప్పి రిటైరైన కాలేజీ ప్రిన్సిపల్ సిస్టర్ ఫోన్ చేశారు. విచారణ గుడిలో, అంటే ఆ ప్రాంతపు చర్చిలో, పెళ్ళిళ్ళు బాగా తగ్గిపోయాయనీ, ఫైనలియర్ అమ్మాయిలను కదిలిస్తే సగం మంది పెళ్ళే వద్దంటున్నారనీ, కన్యాస్త్రీలు నడిపే కాలేజీ అయ్యుండి చూస్తూ ఊరుకుంటే ఎలాగని పైవాళ్ళు అడుగుతున్నారనీ చెప్పి, శనివారాలు కుటుంబ జీవితం మీద క్లాసులు పెడుతున్నాం, మొదటి క్లాసు మీరే చెప్పాలన్నారు. ఆవిడ ఈ మధ్య వచ్చిన మనిషి, నా సంగతి తెలియదు. పాతవాళ్ళెవరైనా వింటే పడీపడీ నవ్వేవారు. పెళ్ళిళ్ళు వాయిదా వేయించడంలో నన్ను మించినవాళ్ళు లేరని స్టాఫ్ రూములో నాకు పేరుండేది. వస్తానన్నాను. సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. కొంతకాలంగా నాకు అన్నీ అలాగే ఉంటున్నాయి.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, క్రిస్మస్ సెలవులైపోయి కాలేజీ తెరిచారంటే ఫైనలియర్ బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుండేవి. ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలైతే గుళ్ళో పెళ్ళిళ్ళు చెయ్యరు కనుక మా కతోలికుల తొందర మాది, మాఘమాసం ముహూర్తాలు దాటిపోతాయని హిందువుల తొందర వాళ్ళది, మధ్యలో పోయేది ఆడపిల్ల డిగ్రీ. అప్పటి ప్రిన్సిపల్‌ను పెద్ద సిస్టర్ అనేవాళ్ళం. ఆవిడ ఒక ఉత్తరం రాసి నా చేతికిచ్చి బస్సెక్కించేది. అలా పొదిలి దాకా తిరిగాను. కల్లంలో ఎండబోసిన మిరపకాయల పక్కనే మంచం వాల్చి కూర్చోబెట్టేవారు. ఆ ఘాటుకి తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, పరీక్షలయ్యేదాకా ఆగండని ఆ తండ్రులను బతిమాలేదాన్ని. నా కన్నీళ్ళు మిరపకాయలవని వాళ్ళకూ తెలుసు, అయినా కొందరు మెత్తబడేవారు. అలా ఆగి పరీక్ష రాసినవాళ్ళలో టీచర్లయిన వాళ్ళున్నారు, బ్యాంకుల్లో చేరినవాళ్ళున్నారు. ఆ పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఒక్కసారి తప్ప.

మా చెల్లెలూ మా కాలేజీలోనే చదివింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్త, మా వారితో గుంటూరులో కాపురం. చెల్లెలు ఫైనలియర్‌లో ఉండగా పొదిలి వైపు సంబంధం కుదిరి ప్రధానం అయింది. మాలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పూజ మధ్యలో ఫాదర్ గారు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా ఆక్షేపణ ఉంటే తెలియజేయమని అడుగుతారు. మా ఊరి గుడిలో రెండు ప్రకటనలు అయిపోయాయి. ఊళ్ళోవాళ్ళకు ఆగమని చెప్పి మా ఇంట్లో మాత్రం చదువు మాన్పిస్తే రేపు నా మాట ఎవరు వింటారని నాకు పట్టుదల వచ్చింది. ఊరెళ్ళి, పెళ్ళి పరీక్షలయ్యాక పెట్టుకుందామన్నాను. కాలేజీ మాటంటే వేదమనుకునే నాన్న ఊఁ అన్నాడు, అమ్మ ముఖం తిప్పుకుంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది, ఏమీ అనలేదు. అదే ఒప్పుకోలు అనుకున్నాను. పెద్ద సిస్టర్ ఉత్తరం తీసుకెళ్ళి ఫాదర్ గారికిచ్చి, మూడో ప్రకటన పాస్కా పండగ, అదే ఈస్టర్, దాటేదాకా ఆపమని చెప్పి, సాయంత్రం బస్సుకి గుంటూరు వెళ్ళిపోయాను. పెళ్ళికొడుకు వాళ్ళకు నాన్న మరుసటి వారం నిదానంగా చెప్పొచ్చు అనుకున్నాం.

కాలేజీ మనిషిగా నాకు తోచనిది ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. రెండు ప్రకటనలు చదివి మూడోది చదవలేదంటే ఎవరో ఆక్షేపణ చెప్పారనే అర్థం. ఆ ఆదివారం పెళ్ళికొడుకు మేనత్త గుడిలోనే ఉంది, మా ఊరి కోడలే ఆవిడ. పూజ అవగానే పొదిలి బస్సెక్కింది. పరీక్ష కోసం ఆపామని నాన్న వెళ్ళి చెబితే నమ్మలేదు. ఫాదర్ గారి దగ్గర ఆ ఉత్తరం తిరిగి తీసుకుని, చూపించాలని నేనూ వెళ్ళాను. ఆ పెళ్ళికొడుకు తల్లి ఉత్తరం విప్పనైనా విప్పకుండా, నెమ్మదిగానే అడిగింది.

"పరీక్ష కోసం గుళ్ళో ప్రకటన ఆపుతారా ఎక్కడన్నా? మీ పిల్లలో ఏం లోపం ఉందో చెప్పమ్మా, మేమేం అనుకోం."

ఉంగరం తిప్పి పంపారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చినదాన్ని నేనే. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధమూ ఆ మూడో ప్రకటన దగ్గరే ఆగిపోయింది. లోపం ఏమిటో ఎవరూ చెప్పలేదు గానీ తలా ఒకటి ఊహించుకున్నారు. చెల్లెలు పరీక్ష ఫస్ట్ క్లాసులో ప్యాసై, టీచరు ఉద్యోగం చేసి రిటైరైంది. మా వారు పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత ఏడుపూ రావడం మానేసింది.

శనివారం వెళ్ళి నలభై మంది అమ్మాయిల ముందు నిలబడి, తోడు గురించీ సర్దుబాటు గురించీ ఏదో అప్పజెప్పినట్టు చెబుతుంటే, రెండో వరసలో ఒకమ్మాయి లేచి మర్యాదగానే అడిగింది.

"మేడం, మమ్మల్ని పెళ్ళి చేసుకోమని చెప్పడానికొచ్చారా, మేమేమనుకుంటున్నామో వినడానికొచ్చారా?"

అన్ని ఊళ్ళు తిరిగి తండ్రులను బతిమాలాను, అన్నలను ఒప్పించాను, ఆ పిల్లలను మాత్రం ఒక్కసారి కూడా పక్కకు పిలిచి అడగలేదు. ఆగండని చెప్పడానికి అప్పుడు పంపిన కాలేజీయే చేసుకోండని చెప్పడానికి ఇప్పుడు పిలిచింది, రెండుసార్లూ మాట్లాడింది నేనే. క్లాసు అక్కడితో ఆపేసి, ఈ శనివారాలు మనం చెప్పడానికి కాకుండా వాళ్ళు చెప్పడానికి పెట్టమని సిస్టర్‌తో అన్నాను. ఆలోచిస్తామన్నారు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు గోంగూర ఒలుస్తోంది. పక్కన కూర్చుని, అప్పుడు నీకు పెళ్ళి కావాలనుందా, పరీక్ష రాయాలనుందా అని అడిగాను.

"అప్పుడడిగితే చెప్పేదాన్నక్కా. ఇప్పుడు నాకూ గుర్తులేదు," అంది.

మన రోజుల్లో పెళ్ళిళ్ళకు కొదవ లేదు, ఆడపిల్లను అడిగినవాళ్ళే లేరు. ఈ పిల్లలు ఎవరూ అడక్కుండానే చెబుతున్నారు, అది విని మనం పెళ్ళి పోతోందని బెంగపెట్టుకుంటున్నాం. పెళ్ళికేమవుతుందో నాకు తెలియదు. ఆ రెండో వరస అమ్మాయిలా మా చెల్లెలు ఆ రోజు గుమ్మంలోంచి ఒక్క ప్రశ్న వేసుంటే, వినే పాటి ఓపిక నాకప్పుడు ఉండేదో లేదో, అదీ తెలియదు.