గంగమ్మ కూతురు పడుకున్న గొయ్యి

నా చిన్నప్పుడు మా నాయనమ్మ పెరట్లో గొయ్యి తవ్వించి, అందులో గంగమ్మ కూతుర్ని పడుకోబెట్టింది. నమ్మనివాళ్ళు ఉంటారని తెలుసు. మా ఉద్దానం ఊళ్ళలో కోతలు కొయ్యడంలో నాకున్న పేరు అలాంటిది. అయినా ఆ గోతిలో నిప్పు లేకుండా నీళ్ళు కుతకుతా ఉడకడం ఈ కళ్ళతోనే చూశాను.

సముద్రం ఒడ్డున ఏరిన గుల్లల్ని బట్టీలో కాల్చి, ఆ తెల్లటి ముక్కల్ని గోతినిండా ఉన్న నీళ్ళలో పోయించింది. గొయ్యి బుసకొట్టింది. ఆవిరి కొబ్బరి మట్టల్ని దాటి పోయింది. అంతా చల్లారాక తాటాకులు కప్పి, "గంగమ్మ కూతురు పడుకుంది, లేపీకండర్రా. దాహమేత్తాది, నీల్లు మాత్రం పోత్తుండండి," అంది. పిల్లలం వంతులేసుకుని, నెలల తరబడి గొయ్యి ఆరకుండా నీళ్ళు పోశాం. లోపల గురక వినబడుతోందని అందరికీ చెప్పింది నేనే.

ఆ గోతిలో నానుతున్న సున్నం మా నూతి గట్టు కోసం. గట్టు బీటలువారింది. పెద్ద గాలివానొస్తే సముద్రపు నీరు పెరట్లోకొచ్చి, ఆ బీటల్లోంచి మంచినీళ్ళలో కలిసేది. ఇక మా అమ్మ జీడితోటల అవతలినుంచి బిందెలు మొయ్యాల్సిందే. వానలు దగ్గరపడేసరికి మా నాన్నకు ఓపిక పోయింది. "నీ గంగమ్మ కూతురు లెగిసేసరికి మనం ఉప్పునీల్లు తాగాల," అని వెక్కిరించి, అప్పుడే కాల్చిన గుల్లల మీద కాసిని నీళ్ళు చిలకరించి, పొడి కాగానే ఇసక కలిపి గట్టుకు పూసేశాడు.

తొలి జల్లుకే గట్టునిండా అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచాయి. వేలు తగిలితే పెచ్చులూడి నూతిలో పడ్డాయి. అమ్మ బిందెల కేసి చూసింది, అంతే.

అప్పుడు నాయనమ్మ తాటాకులు తీసింది. లోపల వెన్న. ముట్టుకుంటే చల్లగా, నున్నగా, ఒక్క పలుకు లేకుండా ఉంది.

"నీ సున్నం మంట గోడకెక్కాక బయటపడింది, నాయినా. దీని మంట నీల్లలోనే సచ్చిపోనాది," అంది.

నాన్న పొక్కిన పూతంతా గీకేసి తాపీ అందుకున్నాడు. ఇటుకపొడీ ఇసకా కలిపి దంచిన ఆ సున్నం, తాపీ తిరగేసినా జారలేదు. తడిగోనెలు కప్పి మెల్లగా ఆరనిచ్చారు. ఆ ఏడు గాలివానకు సముద్రం పెరట్లోకొచ్చి, గట్టును కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది. తెల్లారి అమ్మ తొలి చేద తోడి, ఒక గుక్క తాగి, చేదను నాన్న చేతికిచ్చింది. తియ్యటి నీళ్ళు.

ఇప్పటికీ పలాసలో రైలు దిగి ఊరెళితే, ముందు ఆ గట్టు మీద అరచెయ్యి ఆనిస్తాను. రాయిలా ఉంటుంది, చల్లగా. లోపల ఎవరో నిద్రపోతున్నట్టే ఉంటుంది. నాయనమ్మ చెప్పింది అబద్ధమని తెలియక కాదు. మా చేతులు కాలకుండా, ఆ గొయ్యి ఆరకుండా కాపాడిన అబద్ధం అది. అందుకే నేనూ పచ్చి అబద్ధం ఎన్నడూ ఆడను. బాగా నానాకే బయటికి తీస్తాను.