ఫ్లెక్సీ వెనక కవి

మా పెద్దమ్మ మల్లాపూర్ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. షుగర్ వల్ల ఈమధ్య చూపు పూర్తిగా పోయింది. ఉప్పల్‌లో తను బడిలో పాఠాలు చెప్పిన కవి విగ్రహం పెట్టారని తెలిసినప్పటి నుంచి, "ఆయన ముఖం ఒక్కసారి చేత్తోనన్న సూస్త బిడ్డా" అని అడుగుతూనే ఉంది. ఈ రోజు సెలవు దొరికింది, నాచారం నుంచి ఆటోలో తీసుకెళ్లాను.

తీరా వెళ్తే విగ్రహం కనబడలేదు. చేతికందే ఎత్తులో ఉన్న చిన్న విగ్రహం అది. దాని తల మీదుగా ఎవరో లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. ఒకతను ఇంకా తాళ్లు బిగిస్తున్నాడు.

"ముఖం వరకన్నా జర తియ్యి తమ్మీ" అన్నాను.

"అన్న బర్త్‌డే సార్, రేపు ఇప్పుతం. అయినా ఈయనను సూడనీకి ఎవలొస్తరు?"

"నేనొచ్చిన బిడ్డా" అంది పెద్దమ్మ.

అతను తల దించుకున్నాడు గానీ తాడు విప్పలేదు. పెద్దమ్మ ఫ్లెక్సీ మీదనే తడిమింది. లోపల ముక్కు తగిలిన చోట ఆమె వేళ్లు కాసేపు ఆగాయి.

రేపు మళ్లీ తీసుకొస్తానన్నాను.

"వద్దు బిడ్డా. రేపు ఇంకొకలది కడ్తరు" అంది.

మీ ప్రాంతంలో ముఖం కనబడే కవి విగ్రహం ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి. నాకైతే పెద్దగా ఆశ లేదు.