అరెకరం బొగ్గు

మా ఆయన్ని వీధంతా జిగురు మామ అంటారు. చెప్పులు, బూట్లు బాగు చేస్తాడు. ఆయన జిగురు రాసి నొక్కాడంటే కాలు అరగాలి గానీ సోల్ ఊడదు. ఆ గొప్పంతా బాగానే ఉంది, మేముండేది మాత్రం ఒకటే గది. ఆయన పనిబల్ల, నా పొయ్యి, మా మంచం అన్నీ అందులోనే. జిగురు డబ్బా మూత తీస్తే కొత్తవాళ్ళకు కళ్ళు మండుతాయి. మాకు అలవాటై ముక్కులు చచ్చిపోయాయి.

మా అమ్మాయికి పాప పుట్టింది. అది మళ్ళీ ఉద్యోగంలోకి వెళ్ళాక పగలంతా పాప మా దగ్గరే ఉండాలని మా ఆశ. అమ్మాయి గుమ్మంలోనే ముక్కు మూసుకుని తేల్చేసింది.

"ఈ వాసనలో పసిదాన్ని పడుకోబెట్టను నాన్నా. కోపం తెచ్చుకోకు."

కోపమా! ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

చేపల తొట్లు అమ్మే షాపాయన మా పాత గిరాకీ. సంగతి విని, తొట్లలో నీళ్ళు శుభ్రం చెయ్యడానికి వేసే నల్లటి గింజలు డబ్బాడు తెచ్చిచ్చాడు.

"కొబ్బరి చిప్పల బొగ్గు మామా. దీనికి బాగా కాగిన ఆవిరి పట్టిస్తే ఒళ్ళంతా కంటికి కనపడని బెజ్జాలు పడతాయి. ఆ బెజ్జాల గోడలన్నీ విప్పి పరిస్తే, చెంచాడు బొగ్గు అరెకరం ఉంటుంది."

"నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?" అన్నాడు మా ఆయన.

"నిజం మామా. స్పాంజి నీళ్ళు తాగినట్టు తాగదిది. గాల్లోని జిగురు ఆవిరి వచ్చి ఆ గోడలకి అంటుకుపోతుంది. చోటు నిండాక పారేసి కొత్తది వేసుకో."

పల్చటి గుడ్డ సంచుల్లో పోసి ఫ్యాను ముందు కట్టాం. నాకైతే నమ్మకం లేదు. కొన్నాళ్ళకి ఒక పొద్దున, ఉల్లిపాయ వేగుతున్న వాసన నా ముక్కుకి తగిలింది. నా వంట వాసన నాకే తెలియక ఎన్నేళ్ళయిందో! ఆ సంచుల ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

వాసన పోయిందని కబురు చేస్తే, పాపను తీసుకొస్తున్నానని అమ్మాయి ఫోన్ చేసింది. ఇక మా ఆయనకు కాలు నిలవలేదు. బొగ్గు ఇంకా శుభ్రంగా ఉండాలట! తడిసిన బూట్లు వెచ్చబెట్టినట్టు, నేను బజారుకెళ్ళి వచ్చేలోపు గింజలన్నీ మూకుడులో పోసి కరెంటు పొయ్యి మీద పెట్టాడు మహానుభావుడు.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి దిమ్మ తిరిగింది. గది నిండా జిగురే.

"ఏం ఒలకబోశారండీ?"

"ఏమీ లేదే! డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ బొగ్గే!"

పొయ్యి కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, మూకుడు తెచ్చి వసారా చివర పెట్టాం. కాసిని గింజల్లోంచి నెలల తరబడి వాసన! పోయిందనుకున్నది ఏదీ పోలేదు. ఆ అరెకరాల గోడలకి అంటుకుని అంతా అక్కడే కూర్చుని ఉంది.

అప్పుడే ఆటో ఆగింది. అమ్మాయి దిగుతూనే పాపను నా చేతికిచ్చి, దూరంగా నిలబడమంది. మా ఆయన ఎదురెళ్ళాడు.

"అంతా నేనే పాడు చేశానమ్మా. కొత్త బొగ్గు వేసి మళ్ళీ బాగుచేస్తాను. పాప కోసం ఏమైనా చేస్తాను."

అమ్మాయి వినడం లేదు. మూకుడు వైపే చూస్తోంది.

"ఇదంతా ఈ గింజలు పట్టినదేనా?"

"అవునమ్మా. ఈ నాలుగు నెలలదీ."

"మరి బొగ్గు లేనన్నేళ్ళూ ఇదంతా ఎక్కడికి పోయింది నాన్నా?"

ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"పాప సంగతి తర్వాత" అంటూ అమ్మాయి కొంగుతో ముక్కు కప్పుకుని లోపలికెళ్ళింది. జిగురు డబ్బా తెచ్చి వసారాలో పెట్టింది. "ముందు నువ్వు నీ పని బయట కూర్చుని చేసుకో నాన్నా."