ముగ్గు వేసిన గోడ

విడవకుండా పడ్డ వానకు మా మట్టి ఇంటి పైకప్పు, మూడు గోడలు కూలిపోయాయి. మిగిలింది వాకిలి ఉన్న ముందు గోడ ఒక్కటే. అది కూడా ఎదురుగా ఉన్న పశువుల కొట్టం వైపు వాలింది. ఆ కొట్టంలోనే నేను, మా అత్త, ఉయ్యాల్లో నా పసివాడు.

మాది శూలగిరి దగ్గర పల్లె. మా ఆయన హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఆదివారాలు వస్తాడు. గోడ పడగొట్టిద్దామని ఆయనతో అన్నాను. కూడదట. ఆఫీసరు చూసేదాకా ముట్టుకుంటే మేమే కూల్చుకున్నామంటారట. ఇల్లు పూర్తిగా పడితేనే కొత్త ఇంటికి సాయం. డిగ్రీ చదివాను కాబట్టి ఈ న్యాయం నాకు వెంటనే అర్థమైంది. పిల్లాడికే అర్థం కాక ఆ గోడ వైపే పాకేవాడు.

ఆఫీసరు వస్తాడన్న రోజు జిరాక్సుల కోసం శూలగిరి వెళ్లి వచ్చేసరికి, అత్త గోడకు సున్నం కొట్టి, గడపకు పసుపు రాసి, వాకిట్లో పెద్ద ముగ్గు వేసి ఉంది.

"ఇదేంది అత్తా!"

"గవర్నమెంటాయన మనింటికి వస్తా ఉండాడు. బురద గోడ చూపించేదా? మానం పోదా?"

సారు మర్యాదస్తుడు. గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. ఆకాశం చూశాడు. మళ్లీ బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, ఆమెను తలుపు పక్కన నిలబెట్టి, ముందర నుంచి ఫోటో తీశాడు. అత్త చక్కగా నవ్వింది.

"లోపల కూడా తీయండి సార్."

"ఆన్‌లైన్లో ఒక ఫోటోనే ఎక్కుతుందమ్మా, డోర్ నంబరు తెలిసేటట్టు. దీన్ని చూపించి ఇల్లు పూర్తిగా పడిందంటే పైవాళ్లు నగరా?"

అలా మాది కొంచెం పడిన ఇల్లు అయింది.

ఆ రోజే ఉయ్యాల విప్పి పక్కింటి వసారాలో కట్టాను. "యాడికి పోతాదే ఆ గోడ, నీ పిచ్చి గానీ" అంది అత్త. ఆ వారంలోనే మిట్టమధ్యాహ్నం, మంచి ఎండలో, లోపల ఎవరూ లేనప్పుడు, గోడ కొట్టం మీద పడింది. అంతకుముందు ఉయ్యాల కట్టిన దూలం రెండు ముక్కలైంది.

సారుకు ఫోన్ చేశాను.

"వాన అప్పుడే నిలిచిపోయింది కదమ్మా. ఎండకు పడిన గోడకు స్కీము లేదు."

కొంచెం పడిన ఇంటికి వచ్చిన కొంచెం సాయంతో కొట్టానికి కొత్త దూలం, రేకులు వేయించాం. ఇప్పుడు అదే ఇల్లు. పిల్లాడు నిద్రపోయాక ఇది రాస్తూ, రేకు చప్పుడైతే చాలు, లేచి గోడలు తడిమి చూస్తున్నాను.

అత్త ముగ్గు మాత్రం మానలేదు. మబ్బు పట్టిన రోజు దాన్ని నేనే కాలితో చెరిపేస్తాను. ఎవరొచ్చి ఫోటో తీస్తారో ఏమో.