గడ్డం ఉన్నవాళ్లు ఇటు

మా నర్సింగం ఒకసారి టెర్రరిస్టుగా చచ్చిపోయాడు. ఆ సంగతి చాలాకాలం మగ్గాల పనికి పరాయి రాష్ట్రమొచ్చిన మా కోసాడ్ కాలనీవాళ్లలో ఎవరికీ తెలియదు.

కూతురు రుచిత కామెర్లతో మంచం పట్టినప్పుడు, తగ్గితే వేములవాడ రాజన్నకు తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. అప్పటినుంచి కత్తెర తగలనివ్వలేదు. పిల్ల లేచి తిరిగింది గానీ, మగ్గాల కార్ఖానాలో సెలవు దొరకాలి కదా! గడ్డం గుండెల దాకా దిగింది.

ఆ రోజుల్లోనే పల్సానా దగ్గర మూతపడ్డ మిల్లులో ఏదో సినిమా తీస్తూ, గుంపులో నిలబడడానికి మనుషులు కావాలన్నారు. నర్సింగం, పక్కింటి గఫూర్ కలిసి వెళ్లారు. గఫూర్ మా బిల్డింగు కిందే దుకాణం పెట్టుకుని మోటార్లు బాగుచేస్తాడు. రోజూ నున్నగా గీసుకునే మనిషి. అక్కడి ఏజెంటు పేర్లు కూడా అడగలేదు. "గడ్డం ఉన్నవాళ్లు ఇటు, లేనివాళ్లు అటు" అన్నాడు. అంతే! పద్మశాలీ బిడ్డ నర్సింగానికి నెత్తిన టోపీ, కళ్లకు సుర్మా, చేతిలో తుపాకి. గఫూర్‌కు ఖాకీ బట్టలు, హెల్మెట్టు. గఫూర్ కాల్చాడు, నర్సింగం పడ్డాడు. సరిగ్గా చావలేదని మళ్లీ మళ్లీ పడేయించారు. తర్వాత సెలవు దొరికి, నర్సింగం వేములవాడ వెళ్లి గుండుతో తిరిగొచ్చాడు.

ఆ సినిమా సరిగ్గా ఎన్నికల ముందు విడుదలైంది. ఎందుకో వేరే చెప్పాలా? ఓ పార్టీవాళ్లు ఆదివారం మధ్యాహ్నం మా కమ్యూనిటీ హాల్లో ఉచితంగా వేశారు. బాంబులు పెట్టేవాళ్ల మీద నాకేం జాలి లేదు. కానీ అందులో పాలుపోసే సాయిబు దొంగే, పాఠం చెప్పే సాయిబూ దొంగే. నాకు ఒళ్లు మండిపోయింది. మావాళ్లేమో పోలీసు కాల్చినప్పుడల్లా ఈలలు!

లైట్లు వెలగగానే సొసైటీ పెద్ద పరుశురాం లేచాడు.

"సూశిన్రు గదా, జర జాగ్రత్తగుండాలె. గఫూర్ దుకాణం ఖాళీ చేపిద్దాం. ఏమంటరు?"

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ గఫూర్ మొహం పాలిపోయింది. ఆ దుకాణం తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదు.

నర్సింగం తెర దగ్గరికి నడిచి, సినిమా వేస్తున్న కుర్రాడి వైపు తిరిగాడు. "భయ్యా, ఆఖరి లడాయి మళ్లొక్కసారి పెట్టు" అన్నాడు. గడ్డపు మనిషి కూలగానే ఆపించాడు.

"గా సచ్చినోడు నేనే."

హాలంతా గొల్లున నవ్వింది. రుచిత పరుగెత్తుకొచ్చి ఫోన్లో షూటింగు నాటి ఫొటో పెట్టి వరసవరసకూ తిప్పింది. "జువో, జువో! సూడుండ్రి! మా బాపు! పక్కన గఫూర్ చాచా!" గడ్డపు టెర్రరిస్టు, ఖాకీ పోలీసు భుజాల మీద చేతులేసుకుని వడాపావ్ తింటున్నారు. ఇంతసేపూ మావాళ్లు ఈలలేసింది గఫూర్‌కన్నమాట! ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు.

పరుశురాం గొంతు సవరించుకున్నాడు. "అయితే గఫూర్ మంచోడే. దుకాణం ఉండనీ తియ్."

నేనైతే అక్కడితో తృప్తిపడి ఇంటికెళ్లేదాన్ని. నర్సింగానికి అసలు కోపం అప్పుడొచ్చింది.

"పోలీసు ఏషమేసిండని మంచోడా అన్నా? గడ్డం గాయనకుంటే గాయన్నే ఆడ పండవెట్టేటోళ్లు. గప్పుడు ఎల్లగొడుదువా? టెర్రరిస్టయింది నేను గదనే! నన్నెందుకు పొమ్మంటలెవ్వు? ముందుగాల నా ఇల్లు ఖాళీ చేపియ్యి!"

అతని భార్య బుచ్చవ్వ లేచి, "గట్లయితే మేమందరం పోతం" అంది. ఆమె పక్కన నేను లేచాను. నా వెనక వరస లేచింది. చూస్తుండగానే సగం హాలు నిలబడింది. నా జన్మలో అంత గర్వంగా ఎన్నడూ నిలబడలేదు.

"కూసోండ్రి, కూసోండ్రి" అని పరుశురాం బతిమాలాడు. అతను హాలు ఆ చివరిదాకా నడిచి, గఫూర్ రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ చెయ్యి భాయ్, పోయి దుకాణం తెరువు" అనేదాకా ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు.