బండికి పథ్యం చెప్పిన మా బావ

మా బావ పోయాడు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, చాయ్ తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. సూరత్‌లోని అడాజన్‌లో నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో ఎవరికో ఫ్రేములు చూపిస్తుండగా మా అక్క ఫోన్ చేసింది. "బావ లేస్తలేడే. ఎంత లేపినా లేస్తలేడు" అంది. గొంతులో ఏడుపు లేదు. ఆయన మీద రోజూ నాకు చేసే ఫిర్యాదుల్లో అదీ ఒకటన్నట్టు చెప్పింది. నేను స్కూటీ మీద కోసాడ్ చేరేసరికి వాళ్ళ బిల్డింగు మెట్ల దగ్గర చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. గుండె ఆగిపోయిందని అప్పటికే డాక్టరు చెప్పి వెళ్ళాడట.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాకు ఆయన మీద కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను. పోయిన మనిషి మీద కోపమేమిటని మా అమ్మ మందలిస్తోంది. ఉంది మరి, ఏం చేయను?

కరీంనగర్ వైపు పల్లె నుంచి మీసాలు సరిగా రాని వయసులోనే సూరత్ వచ్చి సాంచెల్లో పడ్డాడు. మరమగ్గాలను మా వాళ్ళు సాంచెలంటారు. వాటి చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. ఉప్పు అందించమని అడిగితే పక్క బిల్డింగువాళ్ళు ఉలిక్కిపడేవారు. మేం చెప్పేది మాత్రం పెదవులు చూసి ఇట్టే పట్టేసేవాడు. ఆయన ముందు గొణుక్కుంటూ తిట్టుకోవడానికి కూడా వీలుండేది కాదు.

నాకు స్కూటీ నేర్పింది ఆయనే. ఆడపిల్లకు బండెందుకని మా నాన్న నసిగితే, బస్సు కోసం నిలబడే పిల్లకు ఉద్యోగం ఎవరిస్తారని ఎదురడిగి, తన ఆదివారాలన్నీ నాకిచ్చాడు. నేను భయంతో యాక్సిలరేటర్ మెలిపెట్టినప్పుడల్లా వెనక నుంచి ఒకటే మాట. "గుంజకు పిల్లా, పోనియ్యి. నీకు తొందరున్నదని బండికేం ఎరుక?" పడ్డ రోజు కూడా ముందు నన్ను లేపి, తర్వాతే బండిని చూశాడు. ఈ రోజు నా కాళ్ళ మీద నేను నిలబడి ఉన్నానంటే ఆ ఆదివారాల పుణ్యమే.

ఆయన పనిచేసే కార్ఖానా ఊరికి ఆ చివర సచిన్‌లో ఉంది. కోసాడ్ నుంచి తాపీ నది దాటి ఊరంతా ఈదుకుంటూ పోవాలి. పొద్దున్నే చీకటితో పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. లోపల గాలికి పోగులు కదులుతాయని పంకాలు వేయరు, కిటికీలు తెరవరు. వేసవిలో ఇంటికొచ్చిన ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేవి. నెలకోసారి పగటి షిఫ్టు రాత్రికి, రాత్రిది పగటికి మారేది. అదొక్కటే మార్పు. "బండి మీదున్నంత సేపే నాకు గాలి తాకుతది" అనేవాడు. అందుకే తన పాత బండంటే అంత ప్రాణం. అదేమో పొగ కక్కుతూ పెట్రోల్ తాగేస్తుండేది.

అప్పుడు ఒక ఇంజిన్ ఆయిల్ దుకాణం సేఠ్ ఆయనకో చిన్న డబ్బా ఇచ్చాడు. ఇంజిన్ ఆయిల్లో కలిపితే లోపలి మసి కరిగిపోతుందని, మైలేజీ పెరుగుతుందని చెప్పాడు. సేఠ్ దాన్ని అడిటివ్ అన్నాడు, హిందీవాళ్ళు దవా అన్నారు, మా బావ మందు అన్నాడు. అంతా ఆ మాటతోనే మొదలైంది. మందు అన్నాక పథ్యం ఉండాలి కదా! పథ్యం లేని మందు మీద మా వాళ్ళకు గురి కుదరదు. జ్వరానికి మాత్ర మింగినా వంకాయ మానేస్తాం. అందుకని మా బావ బండికి కూడా పథ్యం పెట్టాడు. మందు పోశాక గుంజి నడపకూడదు. ముగ్గురు ఎక్కకూడదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపెయ్యాలి. టైర్లలో గాలి తగ్గకూడదు. బ్రిడ్జి దిగేటప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. ఆయన బండి నడుపుతుంటే సైకిళ్ళవాళ్ళు దాటిపోయేవారు. మా అక్క వెనక కూర్చుని సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

అయితే మైలేజీ నిజంగానే పెరిగింది. పెట్రోల్ బంకులో ట్యాంకు నిండా కొట్టించి మీటరు చూసుకుని, మళ్ళీ నింపినప్పుడు చూసి, సంతోషం పట్టలేక బంకు కుర్రవాడికి కూడా చెప్పాడట. తోటి సాంచెలవాళ్ళ బళ్ళకూ పోశాడు. వాళ్ళూ ఆయన చెప్పిన పథ్యం పాటించారు, వాళ్ళకీ పెరిగింది. కొన్నాళ్ళకు సేఠ్ ఆ డబ్బాలు ఆయన్నే అమ్మమన్నాడు. సచిన్‌లో చాయ్ బండి పక్కన ఒక బల్ల వేసుకుని, సాంచెల పని మానేసి కూర్చున్నాడు మా బావ. ఆయిల్ మార్చి, మందు పోసి, పథ్యం చెప్పి పంపడమే పని.

మన వాళ్ళ కోసం తెలుగులో ఒక అట్ట మీద "ఇక్కడ మందు పోయబడును" అని రాసి పెట్టాడు. గుజరాత్‌లో తాగుడు నిషేధమని మీకు తెలిసే ఉంటుంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన ఆ అట్ట చదివి, అటూ ఇటూ చూసి, గ్లాసు కూడా తెచ్చుకుని బల్ల వెనక నక్కి కూర్చున్నాడు. ఆయనకు అసలు విషయం అర్థమయ్యేలోపే మా బావ ఇంజిన్ పథ్యం మొత్తం చెప్పేశాడట. ఈ కథ చెప్పి నవ్వినంతగా ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కొన్నాళ్ళు ఆయన వేరే మనిషి. జుట్టులో దారపు పీచు లేదు. వెలుగుండగానే ఇంటికొచ్చి మా అక్కతో కలిసి కూరగాయలకు పోయేవాడు. ఎండకు మొహం నల్లబడిందని అక్క అంటే, మధ్యాహ్నం ఎండ ఎట్లుంటుందో మరిచే పోయానని, నల్లబడితే పడనీ అని అన్నాడు. సాంచెల్లోకి మళ్ళీ పోనని మా అమ్మ దగ్గర గట్టిగా చెప్పాడు. మేమందరం నమ్మాం.

తర్వాత కొన్నాళ్ళు సేఠ్ దగ్గర సరుకు ఆగిపోయింది. మా బావ మందు లేకుండానే తన బండి ఆయిల్ మార్చుకుని, అలవాటు కొద్దీ అదే నడకన నడిపాడు. మైలేజీ చుక్క తగ్గలేదు. అదే సమయంలో సాంచెల్లో పాత తోటివాడొకడు వచ్చి, మందు పోయించుకున్నా తన బండి ఎప్పట్లాగే తాగుతోందని గొడవ పడ్డాడు. అడిగితే పథ్యం చేయలేదని తేలింది. ముగ్గురిని ఎక్కించుకుని ఎగరేసుకుంటూ తిరిగాడట. మా బావ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది.

ఆదివారం నేను వాళ్ళింటికి పోయేసరికి వంటింట్లో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడాడు.

"మైలేజీ మందుది కాదు పిల్లా. పథ్యంది."

ఇంజిన్ శుభ్రమవుతుంది కదా, దిగిన మురికిని అందరికీ వేలితో తీసి చూపించావు కదా అన్నాను. మందు పోయకుండా దింపినా పాత ఆయిల్ నల్లగానే ఉందన్నాడు. కడిగితే కడుగుతుందేమో, ఆ సంగతి తనకు తెలియదని, జనం మాత్రం వస్తున్నది మైలేజీ కోసమని అన్నాడు. అయితే ఏం బావా, రెండూ కలిపే అమ్ము, వాళ్ళకు లాభమే కదా అన్నాను. నా పెదవుల వంక అలాగే చూశాడు.

"లాభం పథ్యంతోని. పైసలు మందుకు. పథ్యం ఎవడు కొంటడు?"

మర్నాటి నుంచి బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళకు అదే చెప్పాడు. మందు అక్కర్లేదు, ఆయిల్ వేళకు మార్చుకో, గాలి చూసుకో, గుంజకు, పో. వాళ్ళు సంతోషంగా పోయారు, మళ్ళీ రాలేదు. సేఠ్ డబ్బాలు వెనక్కి తీసుకుపోయాడు. ఊళ్ళో సగం వ్యాపారం ఇంతకంటే పెద్ద అబద్ధాల మీద నడుస్తోందని నేను పోట్లాడాను. ఆయన వేరే పని ఏదన్నా చేస్తాడేమోనని చూశాం. చెవులు వినబడని మనిషికి కాపలా పని కూడా ఎవరూ ఇవ్వలేదు. చివరికి పాత కార్ఖానాకే పోయి నిలబడ్డాడు. నువ్వయినా ఆపలేదేమని అక్కను అడిగితే ఒకటే అంది. "ఆయన అబద్ధమాడితె ఆయనకే జరమొస్తది. నేనేం చెయ్యాలె?"

దినాలకు వచ్చిన సాంచెలవాళ్ళందరూ ఆయన పథ్యం గురించే మాట్లాడారు. ఇప్పటికీ అలాగే నడుపుతున్నామన్నారు. మంచిదే. వాళ్ళకు పెట్రోల్ మిగిలింది, మా అక్కకు మనిషి మిగల్లేదు. ఆయన చేసింది తప్పని నేననలేను. ఆ బల్ల దగ్గర ఎండలో కూర్చున్న మనిషిని తలుచుకుంటే, ఒప్పని కూడా నోరు రావడం లేదు.

నేనాయన్ను చివరగా చూసింది సచిన్‌లోనే. అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళాడని అక్క అంటే, సెలవు రోజు కనుక నేనే తీసుకుపోయాను. కబురు చేస్తే బయటికొచ్చాడు. కనుబొమ్మల మీద తెల్లటి పీచు. లోపలి చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు. ఆయనకు అర్థమయ్యేలా పెదవులు కదిలిస్తూ అడిగాను, మళ్ళీ ఈ బొందలోకే ఎందుకొచ్చావు బావా అని.

నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "ఈడ అబద్ధమాడే పని లేదు పిల్లా. ఆడినా ఎవ్వలికి ఇనబడదు."

డబ్బా తీసుకుని, ఎండలో నిలబడకుండా మెల్లగా ఇంటికి పొమ్మని చెయ్యి ఊపి, వంగి లోపలికి పోయాడు. గాలి రాకుండా ఎవరో షట్టర్ కిందికి లాగారు. అది పూర్తిగా నేలకు ఆనలేదు. కింద జానెడు సందు మిగిలింది. అందులోంచి ఆయన కాళ్ళు కనిపించాయి. రెండు సాంచెల మధ్య సందులో ఆ చివరిదాకా నడిచి, అక్కడ ఆగి, తిరిగి ఇటు వచ్చాయి. మళ్ళీ అటే నడిచాయి.