లీలాబాయి చెవి, గొలుసు రంపం గొంతు

మా నాయనమ్మ లీలాబాయి గిర్నీ పిండి ముట్టేది కాదు. ఊళ్లోకి కరెంటు గిర్నీ వచ్చి ఏళ్లు గడిచినా, ఇంట్లో పనిమనుషులున్నా, జొన్నలు తన చేత్తోనే విసురుకునేది. "గిర్నీల పిండి మాడుతది. దాంతోని జేసింది రొట్టె గాదు, అట్ట ముక్క" అనేది. ఆ ఇసుర్రాయి పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆమె పెళ్లయినప్పుడు పుట్టింటి ఎడ్లబండిలో పెళ్లికూతురి పక్కనే కూర్చుని వచ్చింది. అత్తగారింటికి రాయి తెచ్చుకున్న కోడలని ఎర్రవాగు ఒడ్డున ఉన్న ఆ ఊరంతా నవ్విందట. మా తాత జగన్మోహన్‌రావు మాత్రం ముసలితనం దాకా నవ్వుతూనే ఉన్నాడు, చీకట్లో బొటనవేలికి ఆ రాయి తగిలిన రోజుల్లో తప్ప.

విసిరేటప్పుడు ఆమె చూపు రాయి మీద ఉండేది కాదు. కళ్లు వాకిట్లో కోళ్లను కాపలా కాసేవి, నోరు పనిమనుషుల మీద కేకలేసేది. చెవి ఒక్కటే రాయి దగ్గర ఉండేది. గింజ ఎక్కువైతే రాయి మూలుగుతుంది. తక్కువైతే తేలిగ్గా తిరుగుతూ కమ్మగా రాగం తీస్తుంది. మనలాంటి వాళ్లు ఆ రాగానికే మురిసిపోతాం. ఆమె మాత్రం ఉలిక్కిపడి ఇంకో పిడికెడు గింజ పోసేది. "రాయి గంత ఖుషీగ పాడుతుందంటే రాయిని రాయే తింటున్నట్టు. పిండిల ఇసుక పడ్తది" అనేది.

ఇక తాత సంగతి. ఆయనకు భూమి ఉంది, వాగు ఒడ్డున చింతలూ మామిళ్లూ ఉన్నాయి, కాగజ్‌నగర్ దారిలో నీలగిరి తోట ఉంది. వీటన్నిటికంటే మిషన్ల పిచ్చి ఎక్కువ ఉంది. ఎక్కడ వేలంపాట జరిగినా వెళ్లి, పనికిరానిదేదో పట్టుకొచ్చేవాడు. ఎనభైల నడుమ ఒక కాలువ పనుల క్యాంపు ఎత్తేస్తుంటే వెళ్లి గొలుసు రంపం కొనుక్కొచ్చాడు. పెట్రోలుతో నడిచేది. దాని మీది అక్షరాలు ఏ దేశానివో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. తనకూ తెలియదని తాత ఒప్పుకోలేదనుకోండి, అది వేరే మాట.

తెచ్చినదాన్ని తెచ్చినట్టు వాడుకుంటే ఆయన జగన్మోహన్‌రావు ఎట్లా అవుతాడు? "మిషన్‌కు ఊపిరి ఆడుతలేదు" అని తేల్చాడు. వెల్డింగు షాపులో పొగగొట్టం కోయించి పెద్ద రంధ్రం పెట్టించాడు. గాలి లోపలికి పోయే చోట ఉన్న మందపాటి జాలీ పీకేసి, ఇంట్లోని చాయ్ జాలీకి పలుచటి గుడ్డ చుట్టి బిగించాడు. ఆ వారం ఇంట్లో అందరూ చాయ్‌లో ఆకు నములుతూ తాగారు.

రంపం పక్కన కార్బరేటర్‌కు చిన్న స్క్రూలు ఉండేవి. ఇంజనులోకి ఎంత పెట్రోలు పోవాలో చెప్పేవి అవే. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. తాత కనిపెట్టింది మాత్రం ఒక్కటే: బిగించినకొద్దీ గొంతు సన్నబడి తియ్యగా మోగుతుంది. బిగించాడు. ఇంకా బిగించాడు. చెట్లు కొట్టే రాయమల్లు చేతికి రంపం ఇచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చుని, కళ్లు మూసుకున్నాడు.

"ఇనుండ్రా, సన్నాయి లెక్క లేదూ!"

వంటింట్లో ఉన్న లీలాబాయికి ఆ గొంతు వింటే పళ్లు జివ్వుమన్నాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. వేపమొద్దు సగం తెగేసరికి సన్నాయి ఒక్కసారి కిర్రుమని ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే కదల్లేదు.

కాగజ్‌నగర్ నుంచి రజాక్ వచ్చాడు. స్టేషన్ దగ్గర మోపెడ్లు బాగుచేసే మనిషి. విప్పి చూస్తే లోపల పిస్టన్ గీసుకుపోయి, సిలిండర్‌కు అతుక్కుని ఉంది.

"దొరా, మీరు దీనికి ముక్కు పెద్దగ జేసిండ్రు. నోరు పెద్దగ జేసిండ్రు. బువ్వ మాత్రం ఇంకింత తక్కువ వెట్టిండ్రు" అన్నాడు రజాక్. "పాపం, ఆకలికి సచ్చింది."

"మరి పాడిందేందిరా?"

"ఆకలికి ఒర్రుడు దొరా అది. పాట గాదు."

రజాక్ పాత మోపెడ్ పిస్టన్ ఒకటి వెతికి, లేత్ మీద అరగదీయించి, దీనికి సరిపెట్టాడు. చేతులు తుడుచుకుంటూ చెప్పాడు, "గీ ఒక్కటే దొరికింది దొరా. ఇది గూడ పట్టేసిందా, మిషన్‌ను ఇనుప సామాను కింద అమ్ముకోవాలె. మళ్ల నన్ను పిలువకుండ్రి."

తర్వాత స్క్రూ సరిచేయడానికి వాకిట్లో రంపం స్టార్ట్ చేశాడు. వరండాలో లీలాబాయి జొన్నలు విసురుతోంది. రజాక్ స్క్రూ కొంచెం బిగించగానే ఆమె చెయ్యి ఆగింది.

"గింజ తక్కువైంది" అంది.

రజాక్ తన పని మానేసి ఆమె వంక చూశాడు. వదులు చేశాడు.

"గిప్పుడు ఎక్కువైంది."

మళ్లీ కొంచెం బిగించాడు. ఆమె తలూపి విసరడం మొదలుపెట్టింది. రజాక్ ఇంజను ఆపి, స్క్రూ డ్రైవర్ మా తాతను దాటించి తీసుకొచ్చి ఇసుర్రాయి పక్కన పెట్టాడు.

"దొర్సాని, ఇగ ఇది మీ దగ్గరుంచుకోండ్రి. దొర చేతికి మాత్రం ఇయ్యకుండ్రి. ఆయిన చెవికి తీపి అలవాటైంది."

"నాకెందుకు రజాక్, నవ్వుతరు" అంది ఆమె. స్క్రూ డ్రైవర్ మాత్రం అప్పటికే కొంగుకు ముడేసుకుంది.

ఆ విద్య ఆమెకు వెంటనే వచ్చేసిందనుకుంటే పొరపాటు. గింజ తక్కువవుతుందేమోనన్న భయంతో మొదట్లో ఆమె పెట్రోలు దండిగా వదిలేది. రంపం దగ్గి, నల్లటి పొగ కక్కి, ఆమె ముఖం మసిబారింది. "పెండ్లికి వంట జేస్తున్నవా ఏందే?" అని తాత పగలబడి నవ్వాడు. నీలగిరి తోటలో కోతలప్పుడు రజాక్ మిషన్ చూడడానికి వచ్చి పాఠం చెప్పేవాడు. ఇంజను ఆపి, లోపల నిప్పు రాజేసే ప్లగ్గు విప్పి చూపించేవాడు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే తక్కువ, ఇంజను కాలిపోతుంది.

"మంచిగుంటే ఏ రంగుంటది?"

"మీకు తెలువదా దొర్సాని? పెంక మీద జొన్నరొట్టె కాలిన రంగు."

అన్నిటికంటే కష్టమైన పాఠం ఇంకొకటి. కట్టెకు ఆనించకుండా గాలిలో పూర్తిగా తిప్పినప్పుడు రంపం గొంతు శుభ్రంగా ఉండకూడదట. కొంచెం తడబడాలి, నత్తి కొట్టాలి. కట్టెలోకి దిగి బరువు పడ్డాకే ఆ నత్తి పోవాలి. గాలిలోనే తియ్యగా పాడిందంటే కట్టెలో చస్తుందని అర్థం. లీలాబాయి అదంతా విని, "ఉత్త రాయి పాట" అంది. రజాక్ నవ్వి ప్లగ్గు బిగించాడు.

ఒక ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. ఎర్రవాగు ఒడ్డున ఏరుమద్ది ఒకటి ఉండేది. ముగ్గురు చేతులు కలిపినా అందని మాను. గట్టు కోసుకుపోయి అది పడిపోయింది, పడడం పడడం సరిగ్గా కల్వర్టుకు అడ్డంగా. కొట్టుకొచ్చిన చెత్తంతా దాని కొమ్మలకు పట్టి నీళ్లు ఎగదన్నాయి. పొద్దున్నే కల్వర్టుకు ఎగువ వాడలో ఉండే పోశవ్వ నడుం దాకా తడిసి ఇంటి ముందుకొచ్చి నిలబడింది. ఆమె ఇల్లూ, ఆ వాడలోని ఇళ్లూ అన్నీ మట్టిగోడలే.

"దొర్సాని, గోడలు నానుతున్నయి. పొద్దూకేదాకా నీళ్లు నిలిస్తే ఒక్క ఇల్లు మిగల్ది. జెర ఆ మిషన్ పంపుండ్రి."

ఇద్దరు లాగే పెద్ద రంపంతో కోయడానికి వీల్లేదు. రెండో మనిషి నిలబడాల్సిన చోట వాగు ఉరుకుతోంది. కాగజ్‌నగర్ దారి తెగిపోయింది, రజాక్ రాలేడు. ఉన్నది రాయమల్లు, గొలుసు రంపం, దానిలోని ఆఖరి పిస్టన్, లీలాబాయి కొంగుకున్న స్క్రూ డ్రైవర్.

కల్వర్టు దగ్గర ఊరంతా చేరింది. తాత గొడుగు పట్టుకున్నాడు. పెళ్లానికి కాదు, మిషన్‌కు. రాయమల్లు మొద్దెక్కి కోత మొదలుపెట్టాడు. గొలుసు లోపలికి దిగగానే ఇంజను దగ్గి, పొగ కక్కి, ముక్కుతూ ఆగిపోయింది. రెండోసారీ అంతే.

"పెట్రోలు ఎక్కువైంది, బిగించే!" అని తాత అరిచాడు.

లీలాబాయి స్క్రూ ముట్టుకోలేదు. చాయ్ జాలీ మీద వేలు పెట్టింది. గొడుగు ఎంత పట్టినా గుడ్డ తడిసి ముద్దయింది. "దీనికి గింజ ఎక్కువగాలే, ముక్కు మూసుకపోయింది" అని ఆ గుడ్డ పీకేసింది. తడిస్తే మార్చుకుందామని పెట్రోలు సామాన్ల సంచిలో అడుగున పెట్టిన తన పొడి చీర తీసి, కొంగు ఇంత చించి జాలీకి చుట్టింది. సన్నటి నేత. పాతదానికంటే పలుచన.

రాయమల్లు తాడు లాగాడు. రంపం గాలిలో సన్నగా, తియ్యగా, గట్టు మీద వాళ్ల ఒళ్లు పులకరించేట్టు మోగింది. జనం కేక వేశారు. తాత గొడుగు ఊపాడు.

"అద్దీ! సన్నాయి! దించురా రాయమల్లూ!"

లీలాబాయి పళ్లు జివ్వుమన్నాయి. వేపమొద్దు నాటి గొంతే అది. పలుచటి గుడ్డలోంచి గాలి ఎక్కువ పోతోంది, బువ్వ చాలడం లేదు.

"దించకు!" అని ఆమె మొద్దు మీదికి ఎక్కింది.

"దొర్సాని, మంచిగనే పాడుతుంది గదా!"

"అందుకే దించకు. ఉత్త రాయి తిరుగుతుంది."

"నీకేమన్న పిచ్చా? నీళ్లు పెరుగుతున్నయే!" అని తాత అరిచాడు. కింద పోశవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆమె ఇంటి వెనక గోడలోంచి ఒక పెద్ద పెళ్ల ఊడి నీళ్లలో పడిన చప్పుడు అందరికీ వినబడింది. లీలాబాయి కొంగు ముడి విప్పి స్క్రూ డ్రైవర్ తీసింది. తప్పు చేస్తే ఆ వాడ పోతుంది, తన మాట వినే మిషన్ పోతుంది. ఆమె కళ్లు మూసుకుంది. రాయమల్లు రంపాన్ని పూర్తి వేగంతో తిప్పుతుంటే స్క్రూను గోరంత వదులు చేసింది. తీపి పోలేదు. ఇంకో గోరంత. గొంతు చెడింది. బొంగురుగా, తడబడుతూ, నత్తి కొట్టింది.

గట్టు మీద జనం ఉసూరుమన్నారు. "పాడు జేసింది" అన్నారెవరో.

"ఇగ దించు" అంది.

గొలుసు మద్దిమానుకు తగిలింది. ఆ తగలడంతోనే నత్తి పోయింది. గొంతు లోతుగా, నిండుగా, ఒక్క తీరుగా మారింది. పిడికెడు గింజ సరిగ్గా పడ్డ రాయి ఎట్లా తిరుగుతుందో అట్లా. రవ్వలాంటి పొట్టు చిమ్ముతూ ఆ పాతకాలపు మాను వెన్నలా తెగుతుంటే వాగు హోరు కూడా వినబడలేదు. పోశవ్వ చేతులు నెత్తి మీద నుంచి దిగి, తెలియకుండానే జోడించుకున్నాయి. తాత గొడుగు పక్కకు వాలిపోయింది. ఆయన నోరు తెరిచి మిషన్‌ను కాదు, మొద్దు మీద కళ్లు మూసుకుని నిలబడ్డ తన పెళ్లాన్ని చూస్తున్నాడు. పెళ్లయిననాటి నుంచీ ఆమెను అట్లా చూసి ఉండడు.

మొద్దు రెండు ముక్కలై ఫెళ్లున విరిగింది. రాయమల్లు ఒక చేత్తో రంపాన్ని, ఇంకో చేత్తో దొరసానిని పట్టుకుని గట్టుకు దూకాడు. నీళ్లు గుడగుడమని కల్వర్టు కిందికి దూరాయి. పొద్దూకక ముందే వాడ వాకిళ్లు బురదగా బయటపడ్డాయి. పోశవ్వ ఇంటికి వెనక గోడ ఒక్కటి పోయింది, మిగతావి నిలిచాయి.

ఇంజను చల్లారాక లీలాబాయి ప్లగ్గు విప్పింది. సంచిలోని పొడి చీర కొంగుతో తుడవబోతే దానికి కొంగు లేదు. అరచేతిలో పెట్టి తాత ముందు చాపింది.

"సూడుండ్రి. రొట్టె లెక్క కాలిందా?"

పొగడడం తాతకు చేతకాదు. ప్లగ్గును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత చేతిలోని గొడుగు తెచ్చి, మొదటిసారి ఆమె నెత్తి మీద పట్టాడు. వాన అప్పటికే వెలిసింది.

"నీ రొట్టె కంటె మంచిగ కాలింది" అన్నాడు.